ఆఖరి తూము, ఆఖరి లైను

పని అంటే ఏంది

నేను రిటైర్ అయిన రోజు శాలువా కప్పి నలుగురు నాలుగు మాటలు మాట్లాడిన్రు. ఒకాయన క్రమశిక్షణ అన్నడు, ఇంకొకాయన అంకితభావం అన్నడు. ఈమె ఇన్నేండ్లు చేసిన పని ఇదీ అని మాత్రం ఒక్కలు చెప్పలే. తెలిస్తే గద చెప్పేది. అందుకే నేనే రాస్తున్న. కంప్యూటర్ ముంగట కూసునే నౌకరిల కొత్తగ చేరిన పిల్లలు సదివితె సాలు. శాలువా కప్పినోళ్లు సదవకున్నా నాకు ఫికర్ లేదు.

మాది బాన్సువాడ. ఇక్కడనే కాలువల ఆఫీసుల టైపిస్టుగ చేరిన. తొంభైలల్ల మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. మా డీఈ సార్, అంటే ఆఫీసుకు పెద్ద ఇంజనీరు, దాని సుట్టు తిరిగి చూసి నన్ను పిలిచిండు. "సుజాతా, నీకు టైపు వస్తది గద. గిది గూడ టైపు మిషినే, కాకపోతే ముంగట టీవీ ఉంటది. కూసో" అన్నడు. గదే నా ట్రైనింగు. అప్పటి సంది అదే కుర్చీ.

పని ఒక్క మాటల చెప్పాలంటే, ఇక్కడి మిషిన్‌ల ఉన్న రాత పట్నంల ఉన్న మిషిన్‌కు ఉన్నది ఉన్నట్టు చేరాలె. చేరిందా లేదా అని చూసుకోవాలె. గంతే. ఇంటే చిన్న ముచ్చటనే అనిపిస్తది. కని ఇక్కడ మంచిగ కనపడ్డ ఫైలు అక్కడ తెరిస్తే ఏమేమి అయితదో చూసినోళ్లకే ఎరుక. ప్రమోషన్ల సంగతి నేను రాయ, అవి అందరికి వచ్చేటియే.

రెండు మిషిన్లు, రెండు అలవాట్లు

ముందు మా కాలువ పద్ధతి చెప్పాలె, లేకుంటే తర్వాతి కథ తెల్వదు. మా దిక్కు వరికి పెద్ద కాలువ నీళ్లే ఆధారం. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు, ఒక్కొక్క పిల్ల కాలువకు ఒక తూము. ఆ తూములు ఎత్తి దించే మనిషిని లష్కర్ అంటరు. వారం వారం లష్కర్లు గట్టెంబడి తిరిగి, ఏ తూము కింద ఎంత వరి ఉంది, ఎన్ని నీళ్లు కావాలె అని చిట్టి రాసి తెస్తరు. ఆ చిట్టీలు చూసి నేను ఫైలు కొట్టేది. ఒక తూముకు ఒక లైను. ఆ ఫైలు పట్నం ఆఫీసుకు పోతే అక్కడి పెద్ద మిషిన్ అన్ని లెక్కలు చేసి, ఏ తూముకు ఎప్పుడు ఎన్ని నీళ్లో వంతుల పట్టిక కొట్టి పంపేది. పట్టికల ఉంటే తూము లేస్తది, లేకుంటే లేవదు.

మొదట్ల ఫైలు ఫ్లాపీల పోయేది. దుమ్ము పడద్దని ఫ్లాపీని సద్దిడబ్బల పెట్టి పట్నం బస్సు కండక్టర్‌కు ఇచ్చేది. ఒకరోజు కండక్టర్ ఆకలికి ఆగలేక మూత తీసిండట. మర్నాడు నాతోని, "ఏందక్కా, రొట్టె గింత మాడగొడితివి" అన్నడు. గా రొట్టెలనే మన కాలువ నీళ్లన్ని ఉన్నయి తమ్మీ అన్న. ఆయనకు సమజ్ కాలే.

మొదటి ఫైలు పోయిన రోజే పట్నం నుంచి ఫోన్. ఎవరో పెద్దసారు గరం గరం అయితున్నడు. "మీ ఫైలు నిండ పురుగులున్నయి, ప్రతి లైను చివర ఏదో పాకుతుంది" అన్నడట. మా డీఈ సార్ ఫోన్ పెట్టేసి ఏం చేసిండంటరు, మనిషిని పిలిచి కంప్యూటర్ రూముల పురుగుల మందు కొట్టిపిచ్చిండు. నవ్వకున్రి, నిజంగనే కొట్టిపిచ్చిండు. పొద్దూకే దాక ఆ రూముల కూసోవశం కాలే.

ఆ పురుగు ఏందో చెప్పింది ఫరీద్. పట్నం ఆఫీసుల ప్రోగ్రాములు రాసేటాయన, నా కన్న చిన్నోడు. ఓపిక బాగ ఉన్నోడు. "మేడం, పరేషాన్ గాకండి" అని మొదలుపెట్టిండు. "మీ మిషిన్‌ల లైను అయిపోతే రెండు గుర్తులు పడతయి. ఒకటి వెనక్కి పో అని, ఒకటి కిందికి దిగు అని. మా మిషిన్‌కు కిందికి దిగు అనేది ఒక్కటే సాలు. వెనక్కి పో అనేది మాకు అక్కరలేదు, అందుకే అది నెత్తి మీద టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఎం అక్షరం లెక్క కనపడుతుంది" అన్నడు.

నాకు చిటుక్కున సమజైంది. టైపు మిషిన్‌ల లివర్ లాగితే బండి వెనక్కి పోతది, కాగితం ఒక లైను జరుగుతది. రెండు పనులు, ఒక్కటే లాగుడు. మా కంప్యూటర్ ఆ రెండు పనులను రెండు గుర్తులుగ దాసుకుంటుంది. ఫరీద్ తన దిక్కు నుంచి ఆ టోపీలు తీసేసే ఏర్పాటు చేసిండు. పురుగులు పోయినయి. మా సార్ మాత్రం తన మందుతోనే పోయినయని ఆఖరి దాక అనుకున్నడు.

కనపడనిది గూడ రాతనే అని నాకు ఆ రోజు తెలిసింది. లైను అయిపోయింది అని మనకు కంటికి తెలుస్తది. మిషిన్‌కు గుర్తు పెట్టి చెప్తెనే తెలుస్తది.

మరాఠీ నోటీసు

ఇంకొక ముచ్చట చెప్పి అసలు దాంట్లకు పోత. ఒకసారి, మరాఠీ మాట్లాడే మద్నూర్ దిక్కు పెట్టాలని పట్నం నుంచి ఒక నోటీసు ఫైలు వచ్చింది, మరాఠీల. నేను తెరిస్తే అన్ని తెలుగు అక్షరాలే. కని ఒక్క మాట కూడ నోరు తిరగది. క కింద జ్ఞ, దాని మీద రెండు సున్నలు, గట్ల. అప్పట్ల అక్షరాలకు అందరికి ఒకటే పద్ధతి లేకుండె. ఎవరి ఫాంటు వాళ్లది. వాళ్లు మరాఠీ ఫాంటుల కొట్టిన్రు, మా దగ్గర అది లేదు, మా మిషిన్ తనకు ఉన్న తెలుగు ఫాంటుతోని నింపి పెట్టింది.

సార్, ఇది పాడైంది, మళ్ల తెప్పిస్త అన్న. సార్ కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు. "పాడు గాలేదు సుజాతా, మరాఠీని తెలుగు అక్షరాలల్ల రాసిన్రు. మనకు రాదు గని వాళ్లకు అర్థమైతది, అంటించు" అన్నడు. నేను వద్దన్న. అంటించు అన్నడు. అంటించిన్రు. మూడోనాడు మద్నూర్ నుంచి ఒక పెద్దమనిషి ఆ కాగితం పీకి తెచ్చి సార్ బల్ల మీద పెట్టి, "సాహెబ్, హే కాయ్ ఆహే, ఏంది ఇది? మంత్రమా? దీన్ని సదివితె వాన వస్తదా?" అని అడిగిండు. ఆఫీసంత నవ్వింది. సార్ కూడ నవ్విండు, ఆ మాట ఒప్పుకోవాలె.

అప్పటి సంది వేరే మిషిన్‌కు పోయే ఫైలుతోని పాటు ఒక అచ్చు కాగితం కూడ పంపుడు నేను రివాజు చేసిన. అక్కడోళ్లు తెరిచినంక ఆ కాగితంతోని పక్కపక్కన పెట్టి చూసి ఫోన్ చేయాలె. ఫోన్ వచ్చే దాక పని అయినట్టు గాదు.

మా డీఈ సార్

సార్ గురించి ఉన్నది ఉన్నట్టు రాస్త. మంచి ఇంజనీరు. కాలువల నీళ్ల తీరు చూసి ఎక్కడ గండి పడ్డదో చెప్పేటోడు. పైసకు ఆశపడే మనిషి గాదు. కని ఒక్కటి, అచ్చయిన కాగితం మీద ఉన్నది ఆయనకు వేదం. మనిషి ముంగట నిలబడి చెప్పినా నమ్మడు, కాగితం చెప్తే నమ్ముతడు. కంప్యూటర్ కొట్టిన కాగితమైతె ఇగ అడగద్దు. మిషిన్‌కు అబద్ధం ఎందుకు అవసరం సుజాతా అనేటోడు. మిషిన్ అబద్ధం చెప్పదు సార్, దానికి వినపడ్డదే చెప్తది అని నేను అనేది. ఇద్దరికి అది ఎప్పటికి పంచాయితే.

రెండువేలు దాటినంక మాకు మోడెం వచ్చింది, దానికోసం ఇంకొక ఫోన్ లైను గూడ. సద్దిడబ్బ పోయి, దాంతోని పోయే అచ్చు కాగితం గూడ పోయి, ఫోన్ తీగల నుంచే ఫైళ్లు పోవుడు మొదలైంది. అదే ఏడు వానకాలం ముందు పట్నం నుంచి కొత్త ఆర్డరు. అప్పటిదాక ప్రతి ఫైలు కింద ఆఖరి లైను 'మొత్తం' అని ఉండేది. ఇగ మొత్తాలు పంపద్దు, మిషినే కూడుకుంటది అన్నరు. సార్ సంతకం పెట్టిండు, నేను ఆ లైను తీసేసిన. ఒక లైను కొట్టే పని తప్పింది అని సంబరపడ్డ గూడ.

తూముల లైన్లు కాలువ పారిన వరసల్నే ఉండేటివి, పైనుంచి కిందికి. మొత్తం లైను పోయింది గద, ఇప్పుడు ఫైలుల ఆఖరి లైను ఎవరిదంటే ఆఖరి తూముది. నస్రుల్లాబాద్ దాటినంక లోపలికి ఉంటది సోమ్లగుంట అనే ఊరు. దాని తూము.

సున్నా

కాలువ చివరి ఊరి రైతు గోస పైనోళ్లకు తెల్వదు. నీళ్లు అందరిని దాటుకొని వాళ్ల దగ్గరికి రావాలె. ఆ ఏడు వానలు మంచిగనే మొదలైనయి, అందాక కాలువ వంతుల అవసరమే పడలే. వరి పొట్టకొచ్చే యాళ్లకు వానలు మొకం చాటేసినయి. పొట్ట మీద ఉన్న వరికి తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు, తాలు అయితది. సోమ్లగుంట పొలాలన్ని ఆ ఒక్క తడి కోసం చూస్తున్నయి.

వంతుల పట్టిక వచ్చింది. అన్ని తూములకు వంతు ఉంది. సోమ్లగుంట తూముకు ఎదురుగ సున్నా. సున్నా అంటే మాకు నీళ్లు అక్కరలేదని లష్కర్ రాసిచ్చిండు అని లెక్క.

ఆ తూము లష్కర్ బాలయ్య కాకా. పలుచటి మనిషి, మాట తక్కువ. గట్టెంబడి నడిచి నడిచి ఆయన చెప్పుల అడుగులు ఎప్పుడు ఒక దిక్కే అరిగి ఉండేటివి. పట్టిక చూసి నా దగ్గరికి ఉరికొచ్చిండు. "బిడ్డా, నేను నిండ రాసిచ్చిన గద. నువ్వే గద కొట్టినవు" అన్నడు. నేను కంప్యూటర్‌ల ఫైలు తెరిచి చూపిచ్చిన. ఆఖరి లైనుల ఆయన అడిగిన నీళ్లు అడిగినట్టే ఉన్నయి. ఎక్కడనో గడబడ అయింది కాకా, మళ్ల పంపుత అన్న. మళ్ల పంపిన. తర్వాతి వారం పట్టికల మళ్ల సున్నా.

ఇగ ఊరోళ్లు ఆగుతరా? ఆఫీసుకు వచ్చిన్రు. ముంగట సాయవ్వ. భర్త పోయినంక తానే ఎవుసం చేసుకుంటున్న మనిషి. అందరి కన్న చివరి మడి ఆమెది. ఎండల నడిచొచ్చి వరండల కూలబడ్డది. మా ఆఫీసుల ఒక అలవాటు ఉండె, రైతులు వస్తే లష్కర్లే కుండల నీళ్లు ముంచి చెంబు చేతికిచ్చేది. బాలయ్య కాకా చెంబు పట్టుకొని ఆమె ముంగట నిలబడ్డడు.

సాయవ్వ చెంబు ముట్టలే. "బాలయ్యా, పై ఊరోళ్లు నీకు ఎంత వెట్టిన్రు?" అని అడిగింది.

"అక్కా, నా పిల్లల మీద ఒట్టు. నేను నిండ రాసిచ్చిన."

"మరి గా సున్నా ఎవలు పెట్టిన్రు, ఆకాశం నుంచి పడ్డదా? నా పొలానికి అందని నీళ్లు నీ చేతులకెల్లి నా గొంతుల దిగయి. తీసుకపో."

కాకా చెంబు తీసుకపోయి కుండ పక్కన పెట్టిండు. నేను సార్ రూములకు పోయి, సార్, ఆ లైను కొట్టింది నేను, నా చేతులతోని కొట్టిన, ఆయన తప్పు లేదు అన్న.

"నువ్వు కొట్టింది నీ మిషిన్‌ల ఉండచ్చు. పట్నం కాగితం మీద సున్నా ఉంది. మిగిలిన లష్కర్లందరివి సక్కగ వచ్చి, ఈయనది ఒక్కటే ఎట్ల పోతది? వంతు లేని తూము నేను ఎత్తితే పై ఊర్లు ఊకుంటయా? వాళ్లవి గూడ ఎండుతున్నయి" అన్నడు. ఆ మాటల న్యాయం లేకపోలేదు. "చిట్టి నీకు ఒకటి ఇచ్చి, పట్నంల ఎవరితోనో ఇంకొకటి మాట్లాడిండేమో. మెమో కొట్టు. ఆయనను ఆ తూము మీది నుంచి తీసేస్తున్న."

మెమో

మెమోలు అప్పటికి టైపు మిషిన్ మీదనే కొట్టేది. నేను కొట్టే ముందు ఒక్క ఫోన్ చేసుకుంట సార్ అని బతిమాలి ఫరీద్‌కు చేసిన.

ఫరీద్, మా ఫైలు నీ మిషిన్‌ల తెరిచి, ఆఖరి లైను సదువు అన్న. సదివిండు. సోమ్లగుంట లైను అక్కడ గూడ ఉంది. నీళ్లు నిండ ఉన్నయి. నాకు ఇంకా పరేషాన్ అయింది. ఇక్కడ ఉంది, అక్కడ ఉంది, మరి పట్టికల ఎట్ల లేదు?

"ఫైలుల ఉంది మేడం, లెక్కలకు పోతలేదు" అన్నడు ఫరీద్. ఫైలు ఇంకోసారి తెరిచి, "ఒకటి కొత్తగ ఉంది. ఫైలు చూపించుడు అయిపోయినంక నా మిషిన్ తన సొంత రాత మళ్ల కొత్త లైనుల మొదలుపెట్టాలె. గట్ల చేస్తలేదు. మీ ఆఖరి లైను తోకకు అతుక్కొని మొదలుపెడుతుంది. ఎందుకో తెల్వదు. నేను ప్రోగ్రాం తీసి చూస్త, టైమ్ ఇయ్యండి" అన్నడు.

టైమ్ ఎక్కడిది? సార్ తలుపు కాడ నిలబడి ఉన్నడు. ఫోన్ పెట్టి టైపు మిషిన్ ముంగట కూసున్న. బాలయ్య కాకా పేరు కొట్టుకుంట, కండ్లల్ల నీళ్లు తిరుగుతుంటే ఒక్కొక్క లైను కొట్టిన. ఒక్కొక్క లైను అయిపోతే లివర్ లాగిన. ఆఖరి లైను కొట్టిన. చెయ్యి లివర్ దిక్కు పోలే, ఒడిల పడ్డది.

నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మాస్టర్ మొదటి రోజే చెప్పిన మాట అది. ఆఖరి లైను తర్వాత లివర్ ముట్టద్దు. సంతకం జాగ ఎంత ఇయ్యాలెనో పక్కన ఉండే గుండు చేత్తోని తిప్పి పెట్టుకోవాలె, లివర్ లాగితే కాగితం తప్పు జాగకు జరుగుతది. ఎవరన్న లాగితే ఆయన స్కేలుతోని చేతి యేళ్ల మీద కొట్టేటోడు. ఇన్నేండ్లు నా చెయ్యి అదే చేసింది, టైపు మిషిన్ మీద, కంప్యూటర్ మీద గూడ. లైనుకు లైనుకు నడుమ ఎంటర్ కొడుత. ఆఖరి లైను తర్వాత కొట్ట.

అంటే నా ఆఖరి లైనుకు అయిపోయింది అన్న గుర్తే లేదు.

కాగితం మిషిన్‌ల అట్లనే వదిలేసి ఫోన్ దిక్కు ఉరికిన. ఫరీద్, మా ఆఖరి లైను మూత పడలే, దాని చివర గుర్తు లేదు, అందుకే నీ మిషిన్ దానికే అతుక్కుంటుంది అన్న. అటు దిక్కు కీబోర్డు సప్పుడు వినపడ్డది. తర్వాత ఫరీద్ నెమ్మదిగ, "యా అల్లా" అన్నడు. "మేడం, ప్రోగ్రాం గుర్తు కనపడే దాక సదువుతది, గుర్తు కనపడితెనే లైనును లెక్కల వేసుకుంటది. గుర్తు రాకముందే ఫైలు అయిపోతే చేతిల ఉన్నది పారేస్తుంది. ఆ ఖానా ఖాళీ ఉంటే సున్నా పెడుతుంది."

మరి ఇన్నేండ్లు ఎట్ల నడిచింది అని అడిగిన. అడుగుతుంటెనే జవాబు దొరికింది. ఇన్నేండ్లు మా ఆఖరి లైను 'మొత్తం'. పోయింది అదే. మిషిన్ తానే కూడుకుంటుంది కాబట్టి ఆ లైను పోతున్నట్టు ఎవ్వరికి తెల్వలే. ఆ ఏడు మొత్తం తీసేస్తే, పోవుడు సోమ్లగుంట వంతైంది.

ఫైలు తెరిచిన. ఆఖరి లైను చివరికి పోయి ఎంటర్ కొట్టిన. మోడెం కీచుమంటుంటే సార్ కూడ వచ్చి నా ఎన్క నిలబడ్డడు. ఫరీద్ లైను మీదనే ఉన్నడు. "ఆగండి, ఆగండి" అన్నడు. తర్వాత, "మేడం, సున్నా పోయింది. సోమ్లగుంటకు వంతు పడ్డది" అన్నడు.

నేను ఫోన్ సార్ చేతికిచ్చిన. ఆయన అన్ని ఇన్నడు, టైపు మిషిన్ దగ్గరికి పోయి మెమో గుంజి నాలుగు ముక్కలు చేసిండు. "కాగితం మీద ఉన్నదే నమ్మినందుకు నాకు గిది బాగైంది" అన్నడు. ఆ మాట ఆయన నోట వచ్చుడు చిన్న సంగతి గాదు.

అయితే కథ అక్కడ అయిపోలే. ఫరీద్ పొద్దూక మళ్ల ఫోన్ చేసిండు. మిగిలిన ఆఫీసుల ఫైళ్లు కూడ తీసి చూసిండట. దాదాపు అన్నిట్ల ఆఖరి తూముకు సున్నానే. అన్ని ఆఫీసులల్ల నా లెక్క టైపు మిషిన్ నుంచి వచ్చినోళ్లే కూసున్నరు, అందరికి ఎవరో ఒక మాస్టర్ యేళ్ల మీద కొట్టి అదే నేర్పిండు. ప్రతి ఆఫీసుల ఒక బాలయ్య మీద అనుమానం, ప్రతి కాలువ చివర ఒక ఊరు నోరెండి కూసున్నది. ఎవరి లష్కర్‌ను వాళ్లు తిట్టుకుంటున్నరు గని, పక్క కాలువను అడిగినోడు లేడు. ఫరీద్ ప్రోగ్రాం మార్చిండు, గుర్తు లేకున్నా ఆఖరి లైనును వదలద్దని. ఆ ఏడు కాలువ చివరి ఊర్లన్నిటికి తడి అందింది. నా నౌకరి అంతట్ల నేను గెలిచిన గెలుపు ఏదంటే అదే. ఎవ్వరు శాలువా కప్పలే. అవసరం గూడ లేకుండె.

కొత్తోళ్లకు

ఇది నా తప్పా అని నన్ను కొందరు అడిగిన్రు. నేను ఒప్పుకోలే, ఇప్పుడు గూడ ఒప్పుకోను. నాకు నేర్పిన పద్ధతి నేను మంచిగ చేసిన. ఫరీద్‌కు నేర్పిన పద్ధతి ఫరీద్ మంచిగ చేసిండు. రెండు మంచి పద్ధతుల నడుమ ఉన్న సందుల సోమ్లగుంట పడ్డది. మన నౌకరి ఉండేదే ఆ సందుల.

ఇప్పుడు అక్షరాలకు అంతట ఒకటే పద్ధతి వచ్చింది, ఫోన్‌ల కొట్టిన తెలుగు ఎక్కడ తెరిచినా తెలుగే. సంతోషం. కని ఒక మిషిన్ నుంచి ఇంకొక మిషిన్‌కు పోయేటప్పుడు ఏదో ఒకటి జారుడు మాత్రం బంద్ గాదు. జారితే ముందుగాల మనిషిని అనకున్రి. నడుమ ఏముందో చూడున్రి. పంపినోడు, అందుకున్నోడు ఇద్దరు ఒక్క ఫోన్ మీద కూసోని లైను లైను సదువుకోవాలె. నా ఒక్కదానితోని అది దొరికేది గాదు, ఫరీద్ ఒక్కనితోని గూడ దొరికేది గాదు. నాకు లివర్ తెలుసు, ఆయనకు ప్రోగ్రాం తెలుసు.

ఇంకొకటి. పైన ఉన్న లైన్లు అందరు చూస్తరు. మీరు కింది నుంచి చూసుడు అలవాటు చేసుకోన్రి.

నీళ్లు

మర్నాడు పొద్దుగాల సార్ జీపు తీపిచ్చిండు. నువ్వు గూడ రా సుజాతా అన్నడు. ఎనక సీట్ల బాలయ్య కాకా, ఒడిల తూము తిప్పే ఇనుప పాన. దారి పొడుగున సార్ ఏదో అందామని రెండుసార్లు ఎనక్కి తిరిగిండు. మూడోసారి, "బాలయ్యా, నిన్ను అనుమానించిన. మనసుల పెట్టుకోకు" అన్నడు. కాకా పాన దిక్కు చూసుకుంట, "సార్, ముందు నీళ్లు రానియ్యి" అన్నడు.

ఊరు ఊరంత గట్టు మీదనే ఉంది. సార్ జీపు దిగి, అందరు ఇనేటట్టు చెప్పిండు. బాలయ్య నిండ రాసిచ్చిండని, పోయింది మిషిన్ల నడుమ అని. కొందరు నమ్మిన్రు, కొందరు నమ్మనట్టు చూసిన్రు. సాయవ్వ ఒక్కసారి కాలువ దిక్కు, ఒక్కసారి బాలయ్య దిక్కు చూసింది.

నీళ్లు ముందు ఎండుటాకులను నెట్టుకుంట, నురుగు పట్టుకొని సన్నగ వచ్చినయి. తర్వాత నిండుకుంట వచ్చినయి. కాకా పాన వేసి తిప్పిండు. ఇన్ని రోజులు కదలని తూము కిర్రుమని లేచింది. నీళ్లు దుంకినయి, పగుళ్లు వారిన మడుల పడి ఇంకుకుంట, ఇంకుకుంట ఆఖరి మడి దాక పోయినయి. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలే, ఎందుకు ఆపుకోవాలె?

సాయవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి కాలువల దిగింది. తూము పక్కన మోకాళ్లలోతు నీళ్లల్ల నిలబడ్డ బాలయ్య ముంగటికి పోయి నిలబడ్డది. రెండు చేతులు దోసిలి పట్టింది.

"దూప అయితుంది బాలయ్యా," అన్నది. "పొయ్యి."

కాకా వంగి రెండు చేతులతోని నీళ్లు ముంచి ఆమె దోసిట్ల పోసిండు. ఆమె తాగింది. ఇంకా పొయ్యి అన్నది. మళ్ల పోసిండు.